మా ఆయన తెల్లవారుజామున లైట్లన్నీ వేసేస్తారు

ఈసారి ఉత్తరం రాసినావిడ వయసు 34. ఒక ఆఫీసులో లెక్కలు చూస్తారు, ఉదయం ఎనిమిదింటికల్లా సీట్లో ఉండాలి. రాత్రి పదింటికి పడుకున్నా మూడింటిదాకా కన్ను మూతపడదు. ఆరింటికి అలారం మోగితే లేస్తారు గానీ పదకొండు దాటేదాకా ఎవరేం చెప్పినా బుర్రకెక్కదు. లెక్కల్లో తప్పులు దొర్లుతున్నాయని పై అధికారి ఇప్పటికే పిలిచి మాట్లాడారు. సెలవు రోజుల్లో మాత్రం మూడింటికి పడుకుని, మధ్యలో ఒక్కసారి కూడా మెలకువ రాకుండా పదకొండు దాకా నిద్రపోతారు. లేచాక ఏ ఇబ్బందీ ఉండదు. పద్నాలుగు పదిహేనేళ్ల వయసు నుంచీ ఇదే తీరు. వాళ్ల నాన్నగారూ అంతే, ఉద్యోగం చేసినన్నాళ్లూ రాత్రి షిఫ్టు అడిగి మరీ వేయించుకునేవారట.

భర్త దీనికి సరిగ్గా ఎదురు. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుని, అలారం అక్కర్లేకుండా నాలుగున్నరకు లేస్తారు. భార్య అలవాటు మార్చాలని కొన్ని వారాలపాటు ఆవిడనూ నాలుగున్నరకే లేపి, ఇంట్లో లైట్లన్నీ వేసి కూర్చోబెట్టారు. చివరికి జరిగిందేమిటంటే, మూడింటికి పట్టే నిద్ర మూడున్నరకు పట్టడం మొదలైంది. "నాకు మనసు లేదు కాబట్టే కుదరలేదని ఆయన అంటారు. అత్తగారు బద్ధకం అంటారు. ఈమధ్య నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది" అని రాశారు. ఇది జన్యువుల వల్లేనా, అలాగైతే ఇక చేయగలిగిందేమీ లేదా, జన్యుపరీక్ష చేయించుకోవాలా, నిద్రమాత్రలు వాడాలా, మధ్యాహ్నం షిఫ్టుకు మారిపోవాలా, పదకొండేళ్ల కొడుక్కీ ఇది వస్తుందా అని ఆవిడ అడుగుతున్నారు.

మీరు అడిగిన వరస తప్పించి, ముందు ఆ లైట్ల సంగతి మాట్లాడతాను. మీ వారు మీ మంచి కోరే చేశారు. కానీ మీ నిద్రను మూడు నుంచి మూడున్నరకు జరిపింది బహుశా ఆ లైట్లే. మీకు మనసు లేకపోవడం కాదు.

ఎందుకో చెప్పాలంటే కాస్త లోపలికి వెళ్లాలి. కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోటికి కొంచెం పైన, సుప్రాకియాస్మాటిక్ న్యూక్లియస్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. రెండు వైపులా కలిపి సుమారు 20,000 నాడీకణాలు. 1972లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా ఎలుకల్లో ఈ భాగాన్ని దెబ్బతీసి చూస్తే, అవి తిరిగే వేళలూ నీళ్లు తాగే వేళలూ హార్మోను హెచ్చుతగ్గులూ అన్నీ చెదిరిపోయాయి. మనతో సహా పాలిచ్చే జంతువులన్నింటికీ ప్రధాన గడియారం ఇదే.

దాన్ని నడిపేది జన్యువులు. క్లాక్, బీమాల్1 అనే రెండు ప్రోటీన్లు జతకట్టి పీరియడ్, క్రిప్టోక్రోమ్ అనే జన్యువులను పనిలోకి దింపుతాయి. ఆ జన్యువుల నుంచి పెర్, క్రై ప్రోటీన్లు తయారై కణంలో పోగుపడతాయి. తగినంత పోగుపడ్డాక కణకేంద్రకంలోకి వెళ్లి, తమను పుట్టించిన క్లాక్-బీమాల్1 జంట నోరే నొక్కేస్తాయి. దాంతో కొత్త పెర్, క్రై తయారు కావడం ఆగుతుంది. ఉన్నవి నెమ్మదిగా విరిగిపోతాయి. అవి తగ్గాక ఆ జంట మళ్లీ లేచి పని మొదలుపెడుతుంది. ఈ ఒక్క చుట్టు తిరగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. సూర్యుడు కనపడకపోయినా, చీకటి గదిలో పెట్టినా ఇది తిరుగుతూనే ఉంటుంది. ఈగల్లో దీని మూలాలు వెలికితీసినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ వచ్చింది.

ఇక్కడ మీకు కావలసిన ముక్క ఒకటుంది. మనిషి లోగడియారం చుట్టు సరిగ్గా 24 గంటలు కాదు. హార్వర్డ్‌లో చార్లెస్ సైస్లర్ బృందం 1999లో ప్రచురించిన కొలతల్లో సగటున 24 గంటల 10 నిమిషాల పైచిలుకు తేలింది. కొందరికి ఇంకాస్త ఎక్కువ, కొందరికి 24 కంటే తక్కువ. అంటే చాలామంది లోగడియారం రోజూ కొద్దికొద్దిగా ఆలస్యమవుతూ ఉంటుంది. దాన్ని రోజూ బయటి రోజుతో సరిచేసేది వెలుతురు. కంటిలో మనం చూడడానికి వాడే కణాలు కాక మెలనోప్సిన్ అనే వర్ణకం ఉన్న కణాలు వేరే ఉన్నాయి. నీలి వెలుతురు పడితే అవి నేరుగా ఆ గడియారానికి కబురు పంపుతాయి. ఆ కబురు అందగానే అక్కడ పీరియడ్ జన్యువు వేళకాని వేళ పనిలోకి దిగుతుంది.

వేళకాని వేళ అంటే ఏ వేళ అన్నదే అసలు ప్రశ్న. శరీర ఉష్ణోగ్రత రాత్రిలో ఒకచోట అన్నిటికంటే కిందికి దిగుతుంది. మామూలుగా అది మనిషి తనంతట తాను లేచే సమయానికి రెండు మూడు గంటల ముందు. ఆ బిందువుకు ముందు కళ్లలో గట్టి వెలుతురు పడితే, ఇంకా సాయంత్రమే సాగుతోందనుకుని గడియారం ఆలస్యం వైపు జరుగుతుంది. ఆ బిందువు దాటాక పడితే, తెల్లారిందనుకుని పెందలాడే వైపు జరుగుతుంది. ఒకే దీపం, ఒకే వెలుతురు, గంటల తేడాలో ఫలితం తిరగబడుతుంది.

ఇప్పుడు మీ లెక్క మీరే వేయండి. మీరు తనివితీరా నిద్రపోయి లేచేది పదకొండింటికి. కాబట్టి మీ ఒంటి ఉష్ణోగ్రత అట్టడుగుకు చేరేది సుమారుగా ఎనిమిది తొమ్మిది మధ్య. పని దినాల్లో అది కొంత ముందుకు జరగవచ్చు గానీ, నాలుగున్నర దరిదాపులకు రాదు. మీ వారు లైట్లు వేసిన ఆ నాలుగున్నర ఆయన ఒంటికి తెల్లవారుజాము, మీ ఒంటికి నడిరాత్రి. అందుకే ఆయనకు మేలు చేసే వెలుతురు మీకు కీడు చేసింది. మీరు ఓడిపోలేదు, వైద్యం వేళ తప్పింది. ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి. ఆయన పట్టుదలలో నాకు తప్పేమీ కనిపించడం లేదు, దాన్ని సరైన గంటకు మళ్లిస్తే మీకు చాలా ఉపయోగం.

జన్యువుల వల్లేనా అన్నారు. కొంత కచ్చితంగా అవును. దీనికి నేను చూసినవాటిలో బలమైన సాక్ష్యం ఒక చిట్టెలుక, అదే హ్యామ్‌స్టర్. 1988లో మార్టిన్ రాల్ఫ్, మైకేల్ మెనేకర్ తమ ప్రయోగశాలకు వచ్చిన చిట్టెలుకల్లో ఒకదాని రోజు 22 గంటలే ఉండడం గమనించారు. దాని సంతానంలో, మారిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ అందిన పిల్లలకు రోజు 20 గంటలే. 1990లో వాళ్లు ఇంకో అడుగు వేశారు. ఒక చిట్టెలుకలో గడియారపు కణాలు తీసేసి, రోజు పొడవు వేరుగా ఉన్న ఇంకో చిట్టెలుక కణాలు అమర్చారు. మళ్లీ లయ వచ్చింది, కానీ అది అమర్చిన కణాల తాలూకు లయ. శరీరం ఒకరిది, రోజు పొడవు ఇంకొకరిది! ఆ తేడాకు కారణం పెర్ ప్రోటీన్ ఎంత త్వరగా విరగాలో నిర్ణయించే ఒక ఎంజైమ్‌లో వచ్చిన మార్పని 2000లో తేలింది.

మనుషుల్లోనూ ఇలాంటివి దొరికాయి. రాత్రి ఏడున్నరకే నిద్ర ముంచుకొచ్చి, తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చే కుటుంబాలను అమెరికాలోని యూటాలో లూయి ప్టాచెక్ బృందం పరిశీలించింది. అందులో ఒకరి లోగడియారం చుట్టు 23.3 గంటలని 1999లో రాశారు. ఒక కుటుంబంలో అందుకు కారణం పీరియడ్ జన్యువుల్లో ఒకటైన పెర్2లో ఒకే ఒక్క మార్పని 2001లో తేల్చారు. మీ తీరుకు దగ్గరది 2017లో బయటపడింది. క్రిప్టోక్రోమ్ జన్యువుల్లో ఒకటైన క్రై1లో ఒక మార్పు ఉంటే ఆ ప్రోటీన్‌లో ఒక ముక్క ఎగిరిపోతుంది. ముక్క పోయిన ప్రోటీన్ బలహీనపడాలి కదా? కాదు, క్లాక్-బీమాల్1 జంటను మామూలుకన్నా గట్టిగా అణిచిపెడుతుంది. చుట్టు పొడవవుతుంది, నిద్ర ఆలస్యమవుతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, దాని ప్రభావం కనిపిస్తుంది.

మీ నాన్నగారి నుంచి మీకు వచ్చింది ఇదేనా? కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆలస్యంగా పడుకునేవాళ్లలో ఎక్కువమందికి ఇలాంటి ఒక్క పెద్ద మార్పు ఉండదు. దాదాపు ఏడు లక్షల మంది జన్యు వివరాలు చూసిన 2019 నాటి అధ్యయనంలో, పెందలాడే లేస్తారా ఆలస్యంగా లేస్తారా అన్నదానితో సంబంధమున్న చోట్లు 351 కనిపించాయి. ఒక్కొక్కటి లాగేది కొద్ది నిమిషాలే, అన్నీ ఒకే వైపు లాగితే మీలాంటి వాళ్లు తయారవుతారు. మీ వారిలాంటి వాళ్లు కూడా. ఆయన క్రమశిక్షణ అనుకుంటున్న దాంట్లో కొంత భాగం ఆయన పుట్టుకతో తెచ్చుకున్నదే అని నా అనుమానం. అలారం లేకుండా నాలుగున్నరకు లేవడానికి ఆయన ఏనాడూ కష్టపడి ఉండరు, అడిగి చూడండి.

అందుకని జన్యుపరీక్షకు డబ్బు పెట్టమని నేను చెప్పను. క్రై1 మార్పు ఉందని తేలినా, లేదని తేలినా చేయాల్సిన పని ఒకటే. ఇంట్లో నోళ్లు మూయించడానికి కాగితం కావాలంటే, నిద్ర వైద్యులు రాసిచ్చే నిర్ధారణ దానికంటే బాగా పనికొస్తుంది. మీ ఉత్తరంలో ఉన్న లక్షణాలకు వైద్యంలో పేరుంది, ఆలస్య నిద్రా దశ రుగ్మత అంటారు. మీకు నిద్రలేమి అయితే సెలవు రోజున ఎనిమిది గంటలు కదలకుండా పడుకోలేరు. మీ నిద్ర బాగానే ఉంది, దాని వేళే లోకంతో కలవడం లేదు. ఈ తేడా వైద్యుడికి మొదటి నిమిషంలోనే చెప్పండి. రెండు మూడు వారాలపాటు పడుకున్న వేళ, లేచిన వేళ రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి, లేకపోతే మామూలు నిద్రలేమి కింద నిద్రమాత్ర రాసి పంపే ప్రమాదం ఉంది. నిద్రమాత్ర మిమ్మల్ని మత్తులో పడేయగలదేమో గానీ గడియారాన్ని జరపలేదు.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది, గడియారాన్ని జరపడం. జన్యువు రోజు పొడవును నిర్ణయిస్తుంది, ఆ రోజు ఎన్నింటికి మొదలవ్వాలన్నది మాత్రం వెలుతురు చేతిలో కూడా ఉంది. కానీ ఇది పనికి వెళ్తూ చేసేది కాదు, కనీసం పది పదిహేను రోజుల సెలవు కావాలి. మొదటి రెండు రోజులు పదకొండింటికే లేచి, లేచిన వెంటనే అరగంట నుంచి గంట ఆరుబయట ఉండండి. వెలుతురును లక్స్ అనే కొలతలో చెబితే, ఇంట్లో మామూలుగా కొన్ని వందల లక్స్, బయట మబ్బు పట్టినా వేలల్లో ఉంటుంది. కాబట్టి కిటికీ పక్కన కూర్చుంటే చాలదు. తర్వాత రోజుకో రెండు రోజులకో అరగంట చొప్పున లేచే వేళను ముందుకు తెండి, వెలుతురును దానితోపాటే జరపండి. తొందరపడి ఒక్కసారిగా ఆరింటికి దూకితే మళ్లీ ఆ నాలుగున్నర లైట్ల కథే. సాయంత్రం ఇంకో సగం పని ఉంది. పడుకోవాలనుకున్న వేళకు మూడు గంటల ముందు నుంచి ఇంట్లో దీపాలు తగ్గించాలి. కాలేయం లాంటి అవయవాల్లోనూ ఇవే జన్యువులతో నడిచే గడియారాలు ఉన్నాయి. వాటిని తిండివేళలు బాగా లాగుతాయి, అందుకే భోజనాన్నీ పెందలాడే వైపు తీసుకురండి.

దీని చెడ్డ సంగతి కూడా చెప్పాలి. మొదటి వారంలో మీరు పదకొండింటికి లేవడం చూసి అత్తగారికి బద్ధకం ఇంకా పెరిగినట్టే కనిపిస్తుంది. ముందే చెప్పి మొదలుపెట్టండి. రెండోది, జరిగిన గడియారం అక్కడే నిలబడదు. మీ లోపలి చుట్టు పొడవైనదైతే అది రోజూ ఆలస్యం వైపే జారాలని చూస్తుంది. రెండు సెలవు రోజులు పన్నెండు దాకా పడుకుంటే వారాల కష్టం చాలావరకు పోతుంది. మీరు దీన్ని బతికినన్నాళ్లూ కాచుకోవాలి. ఆ ఓపిక మీకుందా అన్నది మీరే తేల్చుకోవాలి, లేదని చెప్పడంలో నామోషీ ఏమీ లేదు.

ఉత్తరంలో ఒక వాక్యం మీరు తేలిగ్గా దాటేశారు. "పన్నెండు దాటాక ఇల్లంతా సద్దుమణిగితే, ఫోన్ చూసుకుంటూ కూర్చునే ఆ రెండు గంటలే నావి" అన్నారు. అక్కడ ఆగి ఆలోచించండి. మీ నిద్రను జన్యువు ఒంటిగంటకు నెడితే, దాన్ని మూడుకు నెడుతున్నది ఆ వెలుతురు కావచ్చు. ఫోన్ తీసి పక్కన పెట్టమని చెప్పడం నాకు తేలికే. కానీ మీరు వదులుకోవాల్సింది ఫోన్ కాదు, రోజు మొత్తంలో మీకంటూ మిగిలిన సమయం. దాన్ని రోజులో ఇంకోచోట, ఇంకా వెలుతురున్న వేళలో మీకోసం కేటాయించే ఏర్పాటు మీ వారితో కూర్చుని మాట్లాడుకోకపోతే ఈ ప్రయత్నమేదీ నెల దాటి నిలవదు.

మెలటోనిన్ మాట కూడా వినే ఉంటారు. చీకటి పడ్డాక మెదడు తనంతట తాను విడుదల చేసే హార్మోన్ అది. మామూలుగా నిద్రకు రెండు గంటల ముందు పెరగడం మొదలవుతుంది. దాన్ని తక్కువ మోతాదులో, అంతకంటే కొన్ని గంటల ముందే ఇస్తే గడియారం పెందలాడే వైపు కదులుతుంది. పక్క ఎక్కేముందు మింగితే ఆ ఉపయోగం తగ్గిపోతుంది, మీకు తెల్లవారిన వేళలో మింగితే ఆలస్యం వైపే నెట్టవచ్చు. మోతాదు కంటే వేళ ముఖ్యమన్నమాట. వైద్యుడు చెప్పకుండా వాడొద్దు, గర్భం ఉన్నా అనుకుంటున్నా అసలే వద్దు. ఆ వైద్యుడి దగ్గరే ఇంకో మాట. ఆలస్య నిద్ర ఉన్నవాళ్లలో దిగులు జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మొదలైందని రాశారు కాబట్టి, మనసు ఎలా ఉందో కూడా దాచకుండా చెప్పండి.

రెండో దారి మధ్యాహ్నం షిఫ్టు. నాకైతే మీకు ఇది మొదటి దారికంటే తేలికైనదనిపిస్తోంది. పని పన్నెండింటికి మొదలైతే మూడు నుంచి పదకొండు దాకా మీ నిద్ర మీకు దొరుకుతుంది, లెక్కల్లో తప్పులు వాటంతటవే తగ్గవచ్చు. ఖరీదు వేరేచోట చెల్లించాలి. బాబు బడి నుంచి వచ్చే వేళకు మీరు ఆఫీసులో ఉంటారు, మీరు ఇల్లు చేరేసరికి మీ వారు నిద్రలో ఉంటారు. ఇంట్లో ముగ్గురూ కలిసి కూర్చునే పూట ఉండాలంటే సెలవు రోజు రావాలి. బడికి పంపే పని ఆయన మీద పడుతుంది, ఆయనకది కష్టమేమీ కాదు. వీటిలో మీకు ఏది ఎక్కువ బాధో నాకు ఉత్తరంలో దొరకలేదు.

మూడోది ఈ రెండింటి మధ్యది. ఎనిమిదికి బదులు పదింటికి రావడానికి ఒప్పుకుంటారేమో అడగడం, గడియారాన్ని ఐదారు గంటలు కాకుండా రెండు గంటలే ముందుకు జరపడం. ఒంటిగంటకు పడుకుని ఎనిమిదిన్నరకు లేవగలిగితే మీ నిద్ర దాదాపు నిండుతుంది. పొడవైన చుట్టున్నవాళ్లు నిలుపుకోగలిగేది సాధారణంగా ఇలాంటి మధ్యస్థ వేళే. అడిగేటప్పుడు జన్యువుల పాఠం చెప్పొద్దు, వైద్యుడి కాగితం చూపించి, ఉదయం తప్పులు ఎక్కువ, మధ్యాహ్నం పని నాణ్యం అని మీ లెక్కలనే సాక్ష్యంగా పెట్టండి. వద్దంటారా, అప్పుడు మళ్లీ మొదటి రెండు దారుల్లో ఒకటి ఎంచుకోండి.

ఏదీ చేయకుండా ఇప్పటిలాగే సాగడం కూడా ఒక దారే, అదొక్కటే వద్దంటాను. రోజుకు మూడు గంటల నిద్రతో ఉదయం మీరే బండి నడుపుకుంటూ ఆఫీసుకు వెళ్తున్నట్లయితే, ఏ నిర్ణయం తీసుకునే లోపైనా ముందు అది మానేయండి.

ఇక బాబు. మీకున్నది క్రై1 లాంటి ఒక్క మార్పే అయితే అది అతనికి అంది ఉండే అవకాశం సగానికి సగం. చిన్నచిన్న మార్పుల కలయికైతే, మీ వైపు నుంచి కొన్ని, తొమ్మిదిన్నరకు నిద్రపోయే తండ్రి వైపు నుంచి కొన్ని. ఇప్పుడే చూసి తేల్చడం కుదరదు. పైగా మరో రెండు మూడేళ్లలో అతని నిద్ర ఎలాగూ ఆలస్యం వైపు జరుగుతుంది. యౌవనంలో అందరికీ అంతే, ఇరవై ఏళ్ల దరిదాపుల్లో అత్యంత ఆలస్యానికి చేరి తర్వాత వెనక్కి తగ్గుతుంది. మీది తగ్గలేదు కాబట్టే ఇది మామూలు కౌమారం కాదని తెలుస్తోంది. అతనిలో ఆ మార్పు మొదలైనప్పుడు సాయంత్రం దీపాలు తగ్గించండి, సెలవుల్లో లేచే వేళ మరీ జారకుండా చూడండి. నాలుగున్నరకు లేపి లైట్లు వేసే పని మాత్రం మీ వారిని అతని మీద ప్రయోగించనివ్వకండి.